ముసలిదాని వీపుకి నా తెల్ల పంచె

ఈ రోజు నాట్లు వేసి వచ్చిన నా ముసలిది గోడకి చేరబడలేక ముందుకి వంగి కూర్చుంది. చూస్తే వీపంతా ఎర్రగా కందిపోయింది.

తను రవిక వేసుకోదు. ముదురు నీలం దుప్పటి కప్పుకుంటానంటే, ముదురు రంగు ఎండను పీల్చుకుంటుందని మాన్పించి నా పాత తెల్ల పంచె కప్పి పంపింది నేనే.

కొరాపుట్‌లో నర్సు పని నేర్చుకుంటున్న మనవరాలు సెలవుకి మా ఊరు గుణుపురం వచ్చి ఉంది. ఆ పంచె వెనక చెయ్యి పెట్టి, "తాతా, నా సెయ్యి అవుపడతందా?" అంది.

"అవుపడకేటి? నానేటి గుడ్డోణ్ణా?"

"సర్మాన్ని కాల్సే ఎండా అలాగే దూరిపోద్ది. ముదురు గుడ్డ ఉడుకెత్తుద్ది గానీ, దాన్ని బాగా ఆపుద్ది."

నేను నోరు తెరిచేలోపే ముసలిది కసిరింది. "ఊరుకో అమ్మీ! నాకు సల్లగుంటాదనే కదా మీ తాత కప్పేడు."

తిట్టినా బాగుండేది. తప్పు నాదేనని చెప్పడానికి నోరు రాలేదు. చన్నీళ్ళలో గుడ్డ తడిపి ఆమె వీపు మీద వేస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆమెకి చేసిన మొదటి సేవ ఇదే.

మీ ఇళ్ళల్లో మగాళ్ళు తప్పు ఎలా ఒప్పుకుంటారో కాస్త చెప్పండి.