రాని కుళాయికి దండలు వేసిన పేట

"గెలిచిన ఆర్నెల్లకి మీ పేట మొగదల కుళాయి వేయిస్తానండి పంతులమ్మగారూ, పూచీ నాది" అని మా నందిగామ పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు మా వదినకు మాటిచ్చి పదేళ్ళు దాటింది. కుళాయి రాలేదు. మొన్న శనివారం తెల్లవారుతుండగా మా వదినే వెళ్ళిపోయింది. అదే వారంలో కొత్త బోర్డు కొలువుదీరింది. తమ నుంచి ప్రజలు ఏం ఆశిస్తున్నారో చెప్పమని బజార్లో మైకు పెట్టి అడుగుతున్నారు. చెప్పవలసిన మనిషిని మేం మట్టిలో పెట్టి వచ్చాం. కనక నేను చెబుతాను.

మా అన్న నడివయసులోనే పోతే, వదిన మిషను బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పి బతికింది. నా భార్య పోయాక నాకూ ఇంత అన్నం పెట్టింది. ఊరి బావిలో చేద వేసే హక్కు మా పేటకు లేదు. గట్టు కింద బిందెలు పెట్టుకుని నిలబడితే, ఎవరికైనా దయ పుట్టినప్పుడు పోసేవారు. ఆ దయ కోసం కాచుకోలేనివాళ్ళు మునేటికి నడిచి, ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడుకునేవారు. మా వదిన ఆ రెండో రకం మనిషి.

బడిలో పలకలు తుడుచుకోవడానికి ఆమె ఒక్క చెంబు నీళ్ళు పెట్టేది. తడిగుడ్డ చేతులు మారి ఆఖరి పిల్ల దాకా వెళ్ళేసరికి ఆరిపోయేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీదికి హెడ్మాస్టరు బెత్తం ఎత్తితే అడ్డం నిలబడేది. "నీళ్ళకెళ్ళొచ్చినోణ్ణి కొట్టే బెత్తం మన బళ్ళో లేదండి" అనేది. రెండు వేల ఏళ్ళ కిందట రోము నగరానికి కొండల్లోంచి రాతి కాలవల మీద నీళ్ళు తెచ్చారని నేను చదివాను. ఆ సంగతి చెబితే వదిన నవ్వింది. "అక్కడ ప్రెసిడెంటు ఎవరంటయ్యా?" అంది.

ఓట్లు వచ్చాయి. వీధి దీపాలు వేయిస్తామని ఓట్లు అడిగినవాళ్ళందరికీ ఆమె ఒక్కటే చెప్పింది: "దీపాలు వద్దు. దీపం లేకపోతే చీకట్లో కూచుంటాం. నీళ్ళు లేకపోతే ఎక్కడ కూచోమంటారు?" ప్రెసిడెంటు కాబోయే ఆయన పూచీ పడ్డది అప్పుడే. ఆయన పక్కన, మా పేట తరఫున మెంబరుగా నిలబడ్డ కుర్రవాడు తల ఊపాడు. వాడు మా వదిన దగ్గర అక్షరాలు దిద్దినవాడే. ఇద్దరూ గెలిచారు.

ఇక్కడ మావాళ్ళు ఒక పొరపాటు చేశారు. అలాంటి పొరపాటు మావాళ్ళే చేయగలరు. బిడ్డకు జ్వరం తగ్గినా, కుర్రాడు పరీక్ష గట్టెక్కినా, గేదె క్షేమంగా ఈనినా మేం ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెడతాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, నాలుగు పాటలు పాడుకుంటాం, పులిహోర పంచుతాం. వదిన ఆ కుళాయికి ముందే కూడిక పెట్టింది.

"పని జరక్కుండా కృతజ్ఞతలేంటి వదినా?" అని గొడవపడ్డాను.

"మాటిచ్చాడుగా. దేవుడి ముందు దండేస్తే ఆ బరువుకన్నా చేస్తాడు. పుస్తకాలెక్కువై నీకు నమ్మకం తక్కువైందయ్యా."

ప్రెసిడెంటూ మెంబరూ వచ్చారు. పిల్లలు పాడారు. బంతిపూల దండలు పడ్డాయి. ప్రెసిడెంటు పులిహోర మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

గొట్టాలు వచ్చాయి. బజారు దాకా వచ్చాయి, రైసు మిల్లు వీధికి తిరిగాయి, అక్కడే ఆగిపోయాయి. రెండు వేసవులు చూసి, బెజవాడ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చిన రోజున వదిన ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఖాళీ బిందెలతో ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

ఆఫీసరు అడిగాడు. ప్రెసిడెంటు తడుముకోలేదు.

"కుళాయి వీళ్ళకి ఎప్పుడో ఇచ్చామండి. ఇవ్వకపోతే కృతజ్ఞత కూడిక ఎందుకు పెడతారండి? మాకు దండలు కూడా వేశారు. ఊరంతా చూసింది."

ఆఫీసరు మా మెంబరు వైపు తిరిగాడు. "నిజమేనా?"

మెంబరు కండువా సర్దుకున్నాడు. "కూడిక జరిగిన మాట నిజమేనండి."

"ఏమ్మా, పెట్టారా?"

మా వదినకు అబద్ధం చేతకాదు. "పెట్టామండి, కానీ..."

ఆ 'కానీ' తర్వాతి మాట ఎవరూ వినలేదు. జీపు కదిలింది. వెనక నుంచి బోర్డు గుమాస్తా ఒకడు "పులిహోర బాగుందట పంతులమ్మా, మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు. ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని, ఊళ్ళోంచి రాకుండా అటునుంచటే మునేటికి దిగారు.

ఆ తర్వాత కూడా వదిన ఎవరినీ తిట్టలేదు. ఓట్లకు వచ్చినవాళ్ళను మాత్రం గడప దగ్గరే ఆపేది. "నీళ్ళు పట్టుకున్నాక పాడతాం. ముందు పోయి తవ్వండి" అనేది. మెంబరు మాట ఎత్తితే "నోరు పెగలనోణ్ణి మనమే పంపాం, ఇక వాణ్ణనడం ఎందుకు" అనేది. ఆమె క్షమించింది. నాకు ఆ గుణం లేదు, రాదు కూడా.

కొత్త బోర్డు వారు అడిగారు కనక చెబుతున్నాను. మా పేట ఆశ ఒక్కటే. పేట మొగదల బిందె పెట్టి కుళాయి తిప్పితే నీళ్ళు పడాలి. దీనికి సభ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు.

శనివారం నాడు వదినకు చివరి స్నానం చేయించడానికి ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్ళే మునేటి నుంచి నీళ్ళు మోశారు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక గడప ముందు కాళ్ళు కడుక్కోవాలి కదా, దానికి రెండు బిందెలు మిగిల్చారు. అందరం తలా చెంబుతో సరిపెట్టుకున్నాం. అప్పుడు జీపు దిగి మెంబరు వచ్చాడు. కొత్త బోర్డుకు వైసు ప్రెసిడెంటు ఇప్పుడు. పంచె పైకి పట్టుకుని కాళ్ళు చాచాడు. నీళ్ళు పోస్తున్న ముసలమ్మ చెంబు దించబోతే, "ఇంకాస్త పొయ్యమ్మా, బురదగా ఉంది" అన్నాడు. ఆమె బిందె ఎత్తి మొత్తం ఒంపింది.

ఆ ప్రెసిడెంటును నేను ఎప్పుడో వదిలేశాను. ఆయన మా దాహం ఎరగనివాడు. ఇతను మా మునేటి నీళ్ళు తాగి పెరిగాడు, మా వదిన చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దాడు, అంతా తెలిసి ఆఫీసరు ముందు ఆ ఒక్క వాక్యం అన్నాడు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఇతన్నే. పేరు దేవసహాయం.