రూమ్ టోన్‌లో అమ్మమ్మ గొంతు

దెయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. పైగా నేను సినిమా చదివినదాన్ని. తలుపు కిర్రుమనడం, వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టు వినిపించడం ఎలా చేస్తారో మాకు క్లాసులోనే నేర్పారు. అందుకే ఇది చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది.

అప్పుడు ఫిజీ రాజధాని సువాలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ముగ్గురం కలిసి ఒక డాక్యుమెంటరీ తీయాలి. రితేశ్ డైరెక్టర్, మెరేసెయినీ కెమెరా, నేను ఎడిటింగ్. ఓడలో వెళ్లాల్సిన వేరే దీవిలో, లంబాసా దగ్గర టాబియాలో మా పెద్దమ్మమ్మ, అంటే మా అమ్మమ్మకు అక్క, ఉండేది. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే మనిషి ఇక ఆవిడ ఒక్కతే. ఆవిడ పాడే పాటలు తీయాలని అనుకున్నాం.

తీరా బయల్దేరే సమయానికి నాకు డెంగీ వచ్చింది. వాళ్లిద్దరే వెళ్లొచ్చారు.

కోలుకున్నాక టేపులు చూశాను. పాటలు కాసిన్నే ఉన్నాయి. మిగతాదంతా రితేశ్ నిర్వాకమే. వరదలో కొట్టుకుపోయిన కొడుకు ఫొటో ఆవిడ ఒళ్లో పెట్టి, ఎలా పోయాడో చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ ఏడుస్తూ చెయ్యి అడ్డం పెట్టుకుని, "చాలు నాయనా, చాలు" అంది.

కెమెరా వెనక నుంచి రితేశ్ గొంతు: "హా ఆజీ, చాలూ హై."

మా ఫిజీ హిందీలో ఆజీ అంటే అవ్వ, చాలూ అంటే నడుస్తోందని. ఆవిడ ఆపమంటుంటే, కెమెరా నడుస్తోందా అని అడుగుతోందనుకున్నాడు ఆ మహానుభావుడు. ఆవిడ చాలన్న ప్రతిసారీ చాలూ హై అని భరోసా ఇచ్చాడు. ముక్కు కారుతున్న ఆ ముసలి మొహాన్ని ఇంకా ఇంకా దగ్గరగా తీయించాడు.

రితేశ్‌కు ఆ మాటకు అర్థం చెప్పాను. తల గోక్కుని, "లేకిన్ ఆంసూ తో అసలీ హై" అన్నాడు. కన్నీళ్లు మాత్రం నిజమైనవేనట. లెక్చరర్ కూడా ఆ సీనే సినిమాకు ప్రాణం అంది. ఆవిడ ఏడుపుకు మార్కులు వేస్తారన్నమాట. ఛీ అనిపించింది. వాళ్ల పక్కన కూర్చుని అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ సీను తీసెయ్యాలని నేను, ఉంచాలని వాళ్లు. ఆ గొడవలోనే రూమ్ టోన్ విన్నాను. షూటింగ్ అయ్యాక అందరూ నోరు మూసుకుని, గదిలోని నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తారు. షాటుకీ షాటుకీ మధ్య అతుకు తెలియకుండా దాన్ని కింద పరుస్తారు. రేకుల మీద గాలి, దూరంగా చెరకు లారీ. వాటి మధ్య మైకు పక్కనే ఒక ఆడగొంతు, మెల్లగా: "చాలక్కా. ఇంక చెప్పమాక."

మెరేసెయినీని అడిగాను. పెద్దమ్మమ్మను అప్పటికే వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారట. గదిలో ఉన్నది తనూ రితేశూ మాత్రమే. ఇద్దరికీ తెలుగు రాదు. పెద్దమ్మమ్మను అక్కా అని పిలిచిన మనిషి మా అమ్మమ్మ ఒక్కతే, అమ్మమ్మ పోయి అప్పటికే ఏళ్లయింది. నాకు తెలుగు నేర్పిన గొంతు అది, పోల్చుకోలేకపోవడం జరగదు.

భయపడి ఆ సీను వదిలేస్తాడని రితేశ్‌కు వినిపించాను. వాడు మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు. "మస్త్ హై యార్," అన్నాడు. దాన్ని కూడా ఏడుపు మీద అతికిద్దామన్నాడు. ఆ గొంతు విన్నప్పుడు కూడా నాకు అంత కంపరం పుట్టలేదు.

ఆ వారమే టేపులన్నీ బ్యాగులో వేసుకుని లంబాసా ఓడ ఎక్కాను. సినిమా లేదు, మార్కులూ లేవు. ఆ ఏడాది డిగ్రీ చేతికి రాలేదు.

టాబియాలో పెద్దమ్మమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. ఉలిక్కిపడుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ మొత్తం విని, ఒళ్లోని చేట సర్దుకుని మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

"పిల్లోడి మాట ఎత్తితే రోజూ అంటాది అట్టనే," అంది. "మిషన్‌లో కూడా వచ్చిందా? నాకొక్కదానికే ఇనబడతాదనుకున్నా."

టేపులు ఆవిడ దగ్గరే వదిలేసి వచ్చాను. టేపులో మిగిలిపోయిన పాత రికార్డింగేమో అనుకుందామంటే, ఆ టేపు కొత్తది. మైకు పట్టేది గాలి కదలికను మాత్రమే అని చదువుకున్నాను. ఆ గదిలో గాలిని ఎవరు కదిపారో నాకు ఈనాటికీ తెలియదు.