ఓడలో కుడిపక్క బాల్కనీ

అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. అప్పటికి నాకు అరవై దాటాయి గానీ, చదువులో మాత్రం అప్పుడే పలక పట్టిన గుంటపిల్లనే. వీధి చివర పంతులమ్మ సాయంత్రాలు పెట్టిన బడిలో అ ఆలు దిద్ది, గుణింతాలు దాటి, బోర్డులు చదివే స్థాయికి వచ్చాను. ఇక అరసవల్లిలో నా పక్కన నడవడానికి జనం భయపడేవారు. లాడ్జి పేరు, మందుల షాపు పేరు, ఆటో వెనక రాసుకున్న పిల్లల పేర్లు, అన్నీ పైకే చదివేదాన్ని. (గోడ మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అని చదివితే, సరిగ్గా అక్కడే చెత్త పోస్తున్న పెద్దమనిషి నేను తనను తిట్టాననుకుని చాన్నాళ్ళు మాట మానేశాడు.) పదహారేళ్ళకు రావలసిన పొగరు నాకు అరవైలో వచ్చింది. ఆ పొగరు మీద ఉండగానే ఓడలో గది ఎంచే పని నా నెత్తిన పడింది.

ముందు మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయనకు అప్ప, అంటే అక్క. గుడి వీధిలో కొబ్బరికాయల కొట్టు ఇద్దరం కలిసి నడుపుతాం. ఆవిడ కొడుకు, అంటే నా మేనల్లుడు, పసివాడుగా ఉన్నప్పుడు కళ్ళు వాచి తెరవలేకపోయేవాడు. వాడి కళ్ళు బాగుపడితే, బతికున్నన్నాళ్ళూ నిన్ను చూడందే మంచినీళ్ళయినా ముట్టనని వదిన సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. బాగుపడ్డాయి. ఆనాటి నుంచి ఒక్క పొద్దూ తప్పలేదు. వానాకాలంలో మబ్బు విడిచేదాకా కొట్టు మెట్ల మీద కూర్చుని ఆకాశం వంక చూస్తూ ఉండేది. వయసులో ఉన్నప్పుడు చెల్లింది. తర్వాత షుగర్ వచ్చింది. ఒక వానాకాలం అలా చూస్తూ చూస్తూనే మెట్ల మీద ఒరిగిపోయింది. డాక్టరు ఆవిణ్ణి తిట్టాడు, నన్ను తిట్టాడు, దేవుణ్ణి తిట్టలేక ఊరుకున్నాడు. అప్పటి నుంచి తెల్లారుతోందంటే నాకు దడ. ఆవిడ కంటే ముందు నేనే లేచి మబ్బు ఉందేమోనని చూసుకునేదాన్ని.

అలాంటి మనిషిని మేనల్లుడు ఓడెక్కిస్తానన్నాడు. వాడికి విశాఖపట్నంలో ఉద్యోగం. అక్కడి నుంచి మద్రాసు దాకా వెళ్ళి తిరిగొచ్చే పెద్ద ఓడ, లోపల హోటలు, ఆటలు, పాటలు అన్నీ ఉంటాయట. "నేనూ, మీ కోడలూ, నువ్వూ, అత్తా. నలుగురం ఎల్దాం అమ్మా. పుట్టి బుద్ధెరిగి ఈ ఈది దాట్నేదు నువ్వు," అన్నాడు.

వదిన కొబ్బరికాయ పీచు లాగుతూ తలెత్తకుండానే, "గదిలోంచి దేముడు కనబడాల. కనబడితే వస్తాను. నేకపోతే నన్నొగ్గెయ్యండి," అంది.

మేనల్లుడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అత్తా, సదువుకున్నదానివి. నువ్వే ఎంచు."

ఆ ఒక్క మాటకు నేను ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. (కొట్టులో బల్బు కూడా వేయించాను, బాగా కనబడాలని.) ఓడ లోపలి వరసలో గదికి కిటికీ ఉండదట. "కిటికీ నేని గదేటిరా? మనుసులకా, ధాన్యానికా?" అన్నాను. "మాకది సాల్లే అత్తా, రేటు తక్కువ," అని ఆ మొగుడూ పెళ్ళాం దానికి సిద్ధపడ్డారు. రెండో రకానికి అద్దం ఉంది గానీ తెరుచుకోదు. అద్దంలోంచి చూస్తే మొక్కు చెల్లదని వదిన తేల్చేసింది. మూడోది బాల్కనీ గది. ఫోన్‌లో బొమ్మ కూడా ఉంది: రెండు కుర్చీలు, అవతల సముద్రం, సముద్రం మీద ఎర్రగా గుండ్రంగా సూర్యుడు. వదిన చేతులు తుడుచుకుని ఫోన్‌కే దణ్ణం పెట్టింది. (అది పొద్దుగుంకే బొమ్మ అని మాకెవరికీ తట్టలేదు.)

"బాల్కనీ ఎడం పక్క కావాలా, కుడి పక్కా అత్తా?"

ఇక్కడే నా చదువు బయటపడింది. మా వైపు సముద్రం అంటే తూర్పు. కళింగపట్నం వెళ్ళి నిలబడినా, భీమిలి వెళ్ళి నిలబడినా సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. దారి అడిగినవాడికి తూర్పుకు తిరగమని చెప్పం, సముద్రం పక్కకి తిరగమని చెప్తాం. అందుకని ఢంకా బజాయించి చెప్పాను. "రెండు పక్కలా సముద్రమే గదరా. సముద్రం ఉన్నకాడ సూర్యుడు నేకుండా ఎక్కడికి పోతాడు? కుడి పక్క తీసుకో. శుభం." మేనల్లుడు బుర్ర ఊపాడు. (వాడు ఇంజినీరింగు చదివాడు. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.)

ఓడెక్కిన మర్నాడు, చీకటుండగానే వదిన ఆ బీరువా అంత స్నానాలగదిలో తంటాలు పడి నీళ్ళు పోసుకుని, రాగి చెంబు పట్టుకుని బాల్కనీలో నిలబడింది. నేను వెనక తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆకాశం తెల్లబడింది. మబ్బు పేలిక కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎదురుగా ఎటు చూసినా నీళ్ళే. నీళ్ళు బూడిదరంగు నుంచి నీలంలోకి తిరిగాయి. ఆ తర్వాత మెరిశాయి కూడా. సూర్యుడు మాత్రం లేడు.

"ఏటే, రాలేదు?" అంది వదిన.

"వస్తాడు. సముద్రం లోతుగా ఉంటాది గదా, ఎక్కి రావాల," అన్నాను. (నా చదువు అక్కడిదాకా వచ్చింది.)

ఇంకాసేపు నిలబడ్డాం. రాగి చెంబు వణకడం మొదలైంది. వదిన ముఖాన చెమట పట్టింది. "వదినా, ఒక్క బిస్కట్టు..." అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుకు బిస్కట్టు నా చేతిలోనే మెత్తబడిపోయింది.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలగ సెయ్యనేదు. మొకం తిప్పేసుకున్నాడే. గుంటడి కళ్ళకేటవుద్దో," అంది మెల్లగా. ఆ గుంటడికి నలభై దాటాయి. అయినా ఆ మాటకు నేను కటకటాల మీంచి వంగి నీళ్ళలో వెతికాను. అప్పుడు చూశాను: మా కింద, నీళ్ళ మీద, నల్లగా పొడుగ్గా ఏదో మాతోపాటే పరిగెడుతోంది. ఓడ నీడ. నీడ మా ముందుంటే సూర్యుడు మా వెనక ఉన్నాడన్నమాట.

వదిన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాను. మేనల్లుడి తలుపు బాదాను. కిటికీ లేని గది, వాడికి ఇంకా అర్ధరాత్రే. ఫోన్‌కు సిగ్నలు లేదు. గోడల నిండా బాణాలూ రాతలూ, ఒక్కటీ తెలుగులో లేదు. ఊరంతా పైకి చదివిన నేను ఆ వరండాలో నోరు మూసుకుని, ఆవిడ బరువంతా భుజాన వేసుకుని, ఆ లోపలి గదుల వరస చుట్టి అవతలి వరండాలోకి చేరాను. ఎదురుపడ్డ మొదటి తలుపు బాదాను.

చెదిరిన జుట్టుతో, నిక్కరుతో ఒక కుర్రాడు తీశాడు. "బాబూ, మీ బాల్కనీలో ఎండ పడిందా?" అన్నాను.

"ఎండా? ఎవరండీ మీరు?"

"ఎవరమో తరవాత సెప్తాను. మా వదిన పడిపోయేలాగున్నాది. పక్కకి జరుగు."

లోపల్నుంచి కొత్త పసుపుతాడు మెడలో వేసుకున్న పిల్ల దుప్పటి కప్పుకుంటూ, "ఓలమ్మో, ముసిలోల్లు. రానీవయ్యా!" అంది. విజయనగరం పక్క పిల్లే. ఆ అమ్మాయి కర్టెను లాగింది. గదంతా బంగారం అయిపోయింది.

వదిన వాళ్ళ పెట్టెలూ చెప్పులూ దాటుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, చెంబుతో నీళ్ళు వదిలింది. సముద్రపు గాలి ఆ నీళ్ళను ఒక్క చుక్క కింద పడనివ్వకుండా తెచ్చి, వెనక నిలబడ్డ కొత్త పెళ్ళికొడుకు ముఖాన కొట్టింది. ఆ పిల్ల పగలబడి నవ్వింది. వదిన మాత్రం నవ్వలేదు. మంచం అంచున కూర్చుని వాళ్ళ బిస్కట్లు గబగబా నాలుగు తిని, మాత్ర వేసుకుని, చెమట ఆరాక నా వైపు తిరిగి, "సదువుకున్నదాన్ని నమ్ముకున్నాను," అంది.

మేనల్లుడు తీరిగ్గా లేచి వచ్చి సంగతి విని, "మెట్లెక్కి పైకి పోతే అంతా ఆకాశమే గదత్తా," అన్నాడు. వాడి ఇంజినీరింగు చదువు అప్పుడు మేల్కొంది.

మద్రాసు చూసి ఓడ వెనక్కి తిరిగింది. మర్నాటి పొద్దున నేను మెట్లెక్కడానికి చెప్పులు వెతుక్కుంటుంటే మా గదిలోనే వెలుగు పడింది. ఓడ తిరిగితే బాల్కనీ కూడా తిరుగుతుందని అప్పుడు తెలిసింది నాకు. ఇంతలో తలుపు చప్పుడు. ఆ పిల్ల తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని నిలబడి ఉంది. "ఈయేల మావైపు రాలేదు బామ్మా. మీ వైపే వచ్చుంటాడని..." వెనక ఆ కుర్రాడు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"రా అమ్మా," అంది వదిన చెంబు అందుకుంటూ. తర్వాత వాడి వంక చూసి, "గాలెటున్నాదో సూసుకుని నిలబడు నాయినా," అంది.

ఇప్పుడు నేను పేపరు చదువుతాను, ఇంగ్లీషు బోర్డులు కూడా కూడబలుక్కుంటాను. తూర్పూ పడమరా రాసి చూపించమంటే గుండ్రంగా రాస్తాను. అయినా మొన్న కొట్టు దగ్గర ఎవరో తూర్పు ఎటు అని అడిగితే, నా చెయ్యి దానంతట అదే లేచి సముద్రం ఉన్న దిక్కే చూపించింది. వెనక నుంచి వదిన, "ఆ మడిసినడక్కు నాయినా, ఓడెక్కించేస్తాది," అంది. చెయ్యి దించుకోలేదు నేను. ఆ కళ్ళజోడు సర్దుకున్న గుంట గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటూ అలాగే నిలబడ్డాను.