ఇటలాయన, మా వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయింది. నాలుగు రోజులు ఉండొస్తానని నారాయణపేటకు, తల్లిగారింటికి పోయిన కోడలు పొద్దున్నే ఫోన్ చేసి, "మామా, అమ్మ లేదు" అన్నది. ఎక్కడికి పోయిందని అడిగాను. కోడలు అదే మాట మళ్లీ అన్నది. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ముందురోజు మధ్యాహ్నమే కదా, ఎవరింట్లో వాళ్లం ఉండి చూస్తున్న సినిమాను, వాళ్ల ఇంట్లో కరెంటు పోయిందని ఇద్దరం సగంలో ఆపింది! "మిగిలింది రేపు చూద్దాం అన్నా. మీరొక్కరే చూడకుండ్రి, ఒట్టు" అన్నది. ఆ రేపు పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకొని చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, అట్లనే ఉండిపోయిందట.

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, చావు గురించి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ఆ కప్పు సంగతి మాత్రం ఇప్పటికీ నా బుర్రకు ఎక్కదు.

ఆమె నారాయణపేట సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. నేను మహబూబ్‌నగర్‌లో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చదివిన పుస్తకాలు ఎక్కువ, మిగిలిన స్నేహితులు తక్కువ. పిల్లల పెళ్లయిన కొత్తలో మా ఇద్దరి మధ్య "బాగున్నారా" తప్ప మాట ఉండేది కాదు. ఆమె ఒక కంటికి శుక్లాల ఆపరేషన్‌కని వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లు ఉన్నప్పుడు కథ మారింది.

కట్టు విప్పాక ఒక మధ్యాహ్నం ముందు గదిలో టీవీ పెట్టుకున్నది. రిమోట్ మీద ఏది నొక్కిందో, ఇటలీ దేశపు దయ్యాల సినిమా ఒకటి మొదలైంది. ఎర్రటి వసారా, నల్ల తొడుగు వేసుకున్న ఒక చెయ్యి. ఇట్లాంటి చెత్త నా ఇంట్లోనా అని ఆపబోయాను.

"ఉండనియ్యండ్రి అన్నా" అని ఆమె ఒక కన్ను మూసింది. తర్వాత రెండోది మూసింది. "గీ కంటికి ఎర్ర గోడ. గా కంటికి మురికి గోడ. ఇన్నేండ్ల సంది నేను మురికి గోడలే చూసిన్నా ఏంది?"

అంతలో తెర మీద పరదా కదిలింది. "అమ్మో" అని అరిచింది నేను. ఆమె పడీపడీ నవ్వింది. "కంట్లెకు నీళ్లు రానియ్యొద్దన్నడు డాక్టరు. మీరు నవ్వియ్యకుండ్రి" అన్నది.

ఆ దర్శకుడి పేరు ఆమె నోరు తిరగలేదు. ఇటలాయన అన్నది. మాకు అదే పేరు స్థిరపడింది. ఆయనవి ఒక్కొక్కటే వెతికి చూశాం. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నేను చదివి చెప్పేవాణ్ణి. ఇద్దరి మధ్య ఉడకబెట్టిన పల్లికాయలు. కథకు తలా తోకా లేదని నేను విసుక్కుంటే, "కథ అడగొద్దన్నా. మనిండ్లల్ల కథలు తక్కువున్నయా?" అనేది. ఆయనను వాళ్ల దేశపు పెద్దలే ముందు చవకబారు మనిషి అన్నారని, తర్వాత ఎక్కడెక్కడివాళ్లో వెతుక్కొని చూసి నెత్తిన పెట్టుకున్నారని చదివి చెప్పాను. "అయితె ఆయన సుత మీ లెక్కనే, అందరితోని పంచాయితే" అన్నది.

ఈ సంగతి మా ఊళ్లో ఆదివారం కూడే రచయితల దగ్గర చెప్పడం నా తెలివితక్కువ. "పెద్దమనిషికి దయ్యం పట్టింది" అన్నాడు ఒక విమర్శకుడు. అందరూ నవ్వారు. వెనకటికి బహుమతులొచ్చిన విదేశీ సినిమా వేస్తే, నా పక్క కుర్చీలో గురక పెట్టి, మరుసటి వారం దాని మీద పెద్ద వ్యాసం రాసింది ఈయనే. ఆ వ్యాసం మరిచిపోయాను గానీ గురక ఇంకా యాదికున్నది. మా వియ్యపురాలు ఒక్క సినిమాలోనూ కునుకు తీయలేదు.

ఆమె ఊరికి పోయాక మేమొక పద్ధతి పెట్టుకున్నాం. అన్నం తిన్నాక ఆమె నుంచి మిస్డ్ కాల్ వస్తే ఇద్దరం ఒకేసారి బటన్ నొక్కాలి. తర్వాత ఫోన్ కలిపి పక్కన పెట్టుకోవాలి. మా ఇంటి నెట్ ఎద్దు నడక. అందుకని సినిమా ఆమె ఇంట్లో కాస్త ముందు నడిచేది. ముందు ఆమె కేక, ఆ వెంటనే నవ్వు. తర్వాత, "అన్నా, గట్టిగ కూసోండ్రి, వస్తాంది!" నా తెర మీద అప్పటికి తలుపు మూసే ఉండేది.

ఒకసారి అన్నది: "ఇటలాయన సినిమాల చావు సంగీతం పెట్టుకొని వస్తది. ఇంతసేపు చెప్పి వస్తది. మా దవాఖానల ఎన్నడన్న చెప్పి వచ్చిందా?"

చెప్పి రాలేదు.

పదో దినం నాడు, బంధువులంతా అన్నాలకు కూర్చున్నప్పుడు, ఆమె మరిది నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ముసలిదానికి దయ్యాల సినిమాలు చూపెట్టి చూపెట్టి గుండె పలగ్గొట్టినవు బావా." విస్తళ్ల ముందు చేతులన్నీ ఆగిపోయాయి. జీవితంలో ఎవరికీ ఆఖరి మాట వదలని నేను ఆ రోజు ఆయనకు వదిలేశాను.

వడ్డించే గరిటె చేతిలో ఉండగానే కోడలు ఇటు తిరిగింది. "చిన్నాయినా, మా అమ్మ భయపడంగ నువ్వు ఎన్నడన్న చూసినవా? జాగా రాసియ్యమని నువ్వు నలుగురిని తోలుకొచ్చి వాకిట్ల నిలవడ్డనాడు సుత, చాయ్ తాగి పొమ్మన్నది."

ఆయన బీడీ కోసం బయటికి పోయాడు. ఆయన మాట మాత్రం నాతో పాటు బస్సెక్కి మహబూబ్‌నగర్ వచ్చింది. నిజంగా నేనే చంపానా? తెర మీద పరదా కదిలితే ఆమె గుండె సంబరంగా కొట్టుకున్నదో, కష్టపడ్డదో, నాకేం తెలుసు? నాకు వినిపించింది నవ్వే. మిగిలిన సగం సినిమా జోలికి పోలేదు. టీవీ మీద తువ్వాల కప్పాను.

మొన్న మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. చూస్తే ఆమె పేరు. ఇటలాయన సినిమాలన్నీ కలిసినా నన్ను అంత వణికించలేదు. ఆ ఫోన్ ఇంకా నారాయణపేటలోనే ఉన్న కోడలి దగ్గర ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా తడి చేత్తో గోడ పట్టుకున్నాను.

మిస్డ్ కాల్ వస్తే నొక్కాలి. అది మా పద్ధతి. తువ్వాల తీసి, ఆగిన చోటు నుంచి నొక్కాను. ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తి పక్కన పెట్టాను. అవతల మాట లేదు, సంగీతం మాత్రం నాకన్నా కాస్త ముందు నడుస్తున్నది. ఎర్రటి వసారా. చివర ఒక తలుపు.

అవతల కెవ్వున కేక. ఆ వెంటనే నవ్వు, అచ్చం తల్లి నవ్వు. ఆ నవ్వులోనే కొంచెం ఏడుపు.

"మామా, గట్టిగ కూసోండ్రి. వస్తాంది."

నా తెర మీద తలుపు ఇంకా మూసే ఉంది.