గంట మోగని షెడ్డు

పొద్దున ఆరు దాటి పది నిమిషాలకు మా ఊరు లాల్మతీలో బస్సెక్కాను. నడుం నొప్పి, పైగా బడికి సెలవు పెట్టాల్సొచ్చింది. అయినా వెళ్ళక తప్పలేదు. ఛాగోస్ దీవులు ఖాళీ చేయించి, ఓడలో తెచ్చి మా దీవి రాజధాని పోర్ట్ లూయీలో దింపేసిన మార్లీన్ అనే ఆవిడకు, సర్కారు ఇల్లు కావాలని అర్జీ రాసిపెట్టింది నేనే. జాబితాలో పేరొచ్చింది. మూడు మంగళవారాలు పిలిచినా ఆవిడ వెళ్ళలేదట. ఈ శుక్రవారం, అంటే ఇవాళే, పన్నెండులోగా రాకపోతే పేరు కొట్టేస్తామని ఆఫీసు నుంచి కబురు.

మోకాలో బస్సు మారాలి. ఇరవై నిమిషాలు చలిలో నిలబెట్టారు. అక్కడ వేడి టీ, మిరపకాయ వడలు దొరుకుతాయి. మీరెవరైనా వెళితే అక్కడే తినేయండి, ఆ తర్వాత దారిలో ఏమీ లేదు.

రెండో బస్సులో కూరగాయల బుట్టతో పక్కన కూర్చున్న అక్క సంగతంతా విని నవ్వింది. "పనీపాటా లేదా మాస్టారూ? ఇల్లిస్తామంటే రాని మనిషి కోసం ఇంత దూరమా?"

నాకూ అదే కోపం.

తొమ్మిదింబావుకి రేవు దగ్గర షెడ్డు చేరాను. గోనెసంచులు అడ్డం కట్టుకుని ఐదు కుటుంబాలు ఉంటున్నాయి. మార్లీన్ మనవరాళ్ళకు తల దువ్వుతోంది.

"ఏమ్మా, ఇల్లు వద్దా నీకు?" అని ఇక్కడి క్రియోల్ భాషలో అరిచాను.

"అయ్యో, ఎందుకొద్దు మిస్యే! రోజూ చెవులు రిక్కించుకునే ఉన్నాం. గంటే మోగలేదు."

వాళ్ళ దీవిలో అంతా కొబ్బరి కంపెనీదే. పనికి గంట, శనివారం బియ్యం నూనె పంచడానికి గంట. గంట మోగకుండా మేనేజరు గుమ్మం తొక్కితే తప్పు. ఇక్కడేమో ఆఫీసు గోడకు కాగితం అంటించి, పిలిచామన్నారు. చదువురాని ఈవిడ గంట కోసం కాచుకుని కూర్చుంది. మా నాయనమ్మ కూడా చెరకు ఎస్టేటు గంటకే లేచిన మనిషి. అర్జీ రాసిన రోజున, 'నువ్వే వెళ్ళి అడగాలమ్మా' అని ఒక్క మాట చెప్పలేదే! సిగ్గేసింది.

మార్లీన్‌నీ చిన్న మనవరాలినీ బయట నిలబెట్టి, పదకొండుకల్లా ఆఫీసులో ఉన్నాను. గుమస్తా మనవాడే, తెలుగువాడే. తలెత్తకుండా చెప్పాడు. "ఆ ఇంటి తాళాలు పొద్దున్నే వేరేవాళ్ళకిచ్చేశారు మాస్టారూ."

"పన్నెండు అన్నారు కదయ్యా!"

"పై ఆఫీసరు పెద్ద మిస్యే సంతకం ముందే అయిపోయింది. జాబితా చివర పేరు రాస్తా. మంగళవారం మంగళవారం వచ్చి గోడ చూసుకోమనండి."

"ఆవిడకు చదువు రాదు. ఎవరినైనా పంపి షెడ్డు దగ్గర ఓ కేక వేయించండి, చాలు."

"అందుకు మనిషి లేడు."

బయటికొచ్చి చెబితే మార్లీన్ ఏడవలేదు. చిన్నదాని చెయ్యి పట్టుకుని అడిగింది. "మంగళవారం గంట ఎవరు కొడతారు మిస్యే?"

"నేనే కొడతాను" అనేశాను.

మధ్యాహ్నం రెండింటి బస్సులో మోకా దాకా నిలబడే వచ్చాను. స్వతంత్రం వచ్చిందని కొత్త జెండా ఎగరేశారు, కొత్త ఇళ్ళు కడుతున్నారు. ఆ ఇళ్ళ దాకా మనుషుల్ని చెయ్యిపట్టి తీసుకెళ్ళే మనిషిని మాత్రం ఎక్కడా పెట్టలేదు. దారంతా సర్కారునీ తిట్టుకున్నాను, నన్నూ తిట్టుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఐదు. "పనైందా?" అంది మా ఆవిడ.

"కాలేదు" అని చెప్పి, చెప్పులు విడిచి పూజగదిలోకెళ్ళాను. గంట తీసి సంచీలో వేసుకున్నాను.