మచ్చలు దిద్దని ఫొటో

పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. గోపాల్‌పేట నుంచి టీచరమ్మ కొడుకు. "అక్కా, అమ్మ ఇగ లేదు" అన్నాడు. ముందురోజు బాగానే తిని పడుకున్నారట, తెల్లవారి లేపితే లేవలేదట. నేను షట్టర్ సగంలోనే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను.

గోపాల్‌పేటలో అన్నీ అయిపోయాక సాయంత్రం ఆ కొడుకే నన్ను పక్కకు పిలిచి ఒక పని చెప్పాడు.

"దినాలకు పెద్ద ఫొటో కావాలె అక్కా. నీ తాననే మంచిది ఉంటది. జర మొకం మీది మచ్చలు తీసెయ్యి. బతికినన్ని దినాలు అందరు గవే అన్నరు. గిప్పుడన్న సాఫ్‌గ కనవడనీ."

టీచరమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ముఖం నిండా చిన్న చిన్న గుంతలు మిగిలాయి. బళ్లో మాకు సైన్సు చెప్పేవారు. పిల్లలం ఆ మచ్చల సంగతి తొందరగానే మర్చిపోయాం. పెద్దవాళ్లే మర్చిపోలేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు అననే అనేవారు. కొడుకు అడిగిందాంట్లో తప్పేం లేదు. నేను తలూపి వనపర్తికి వచ్చేశాను. తల ఊపాను గాని, కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మీకు ఒక లెన్సు సంగతి చెప్పాలి.

రిటైరయ్యాక టీచరమ్మ ఇంట్లో కూర్చోలేదు. చేన్ల వెంట తిరిగేవారు. ఖిల్లా ఘణపూర్ దిక్కు ఒక రైతు పల్లి చేనుకు మందు కొట్టి, "పేనుబంక సంగతేమో గాని నల్లపురుగులు మాత్రం అన్ని సచ్చినయి టీచరమ్మా" అని సంబరంగా చెప్పాడట. ఆ నల్లపురుగులు అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు చేనుకు మేలు చేస్తుందని మన రైతులకు తెలుసు, దాని జోలికి పోరు. దాని పిల్ల మాత్రం నల్లగా, ముళ్లు ముళ్లుగా, బుల్లి మొసలిలా ఉంటుంది. అదీ ఆకుల రసం పీల్చే పేనుబంకను తినేదే, తల్లికి ఏమాత్రం తీసిపోదు. కానీ వ్యవసాయ శాఖ వాళ్లు ఊళ్లో గోడకు అంటించే బొమ్మల్లో తల్లి ఒక్కతే ఉంటుంది, పిల్ల ఉండదు. ఇక రైతును ఏమని అంటాం?

మర్నాడే టీచరమ్మ వచ్చి నా స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నారు.

"పురుగు పిల్లల ఫొటోలు తియ్యాలె. ఊరూరికి వట్టుకపోయి చూపియ్యాలె. నువ్వు తీస్తవ్."

"నా తాన ఉన్న లెన్సుతోటి తీస్తే పురుగు ఆవగింజంత వడ్తది టీచరమ్మా."

"అయితె వేరేది కొను."

"పురుగులకు లెన్సు కొంటే నా స్టూడియో ఎట్ల నడుస్తది?"

"మనుషులకు, పురుగులకు రెండిట్లకు పనికొచ్చేది ఉండదా ఏంది? ఎతుకుదాం నడువు."

ఆమె అంతే. ఒకటి అనుకున్నాక అడ్డం చెప్పేవాళ్లను కూడా వెంటబెట్టుకుని పోయేవారు. గద్వాలలో తెలిసిన ఫొటోగ్రాఫర్ దగ్గర చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సు, అరవై మిల్లీమీటర్లది ఉంది, నాగర్‌కర్నూల్‌లో ఇంకొకాయన దగ్గర వంద ఉంది. ఇద్దర్నీ బతిమాలి రెండూ తెచ్చాం.

అరవై చేతికి తేలిక. స్టూడియోలో మనిషి ముఖం ఫొటోలో బాగానే పట్టింది. చేన్లోకి పోతేనే వచ్చింది తంటా. పురుగు నిండుగా రావాలంటే దాదాపు ఆకుకు ముక్కు తగిలేంత దగ్గరికి పోవాలి. లెన్సు నీడ పురుగు మీదే పడేది. తూనీగ అయితే ఆ నీడ చూసే లేచిపోయేది. వందతో జానెడు దూరం నుంచే అంత పెద్దగా వచ్చింది. ఇంక పురుగు దాని పని అది చేసుకుంటూనే ఉంది.

"దూరంగ నిలవడి దగ్గరగ సూడు. దానికి భయం కావద్దు" అన్నారు. ఆ మాట తర్వాత నాకు మనుషుల ముందు కూడా పనికొచ్చింది.

వందను స్టూడియోకు తెస్తే ఇంకో తంటా. నాది అగ్గిపెట్టెంత గది. వీపు గోడకు ఆనించినా టీచరమ్మ ముఖం సగమే పడుతోంది. "ఇది కాదులే" అన్నాను.

"తలుపు తెరిచే ఉంది గద. బయట మెట్లమీద నిలవడి తియ్యి."

బయటికి వచ్చి, మెట్లు దిగి, తలుపులోంచి చూశాను. పక్క చాయ్ దుకాణం ఆయన పగలబడి నవ్వాడు. "ఏందక్కా, గిరాకిని లోపల కూసోవెట్టి నువ్వు బజార్ల వడ్డవ్?"

లోపల్నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "నవ్వనీ. నువ్వు నొక్కు."

నొక్కాను. ముక్కు, చెవులు ఎక్కడివక్కడ కుదురుగా వచ్చాయి. ముఖంలోని ప్రతి గుంతా వచ్చింది. ఆమె తెర మీద చూసుకుని, "అబ్బ, ఒక్కటి విడిచిపెట్టలే. గిదే కొను" అని నవ్వారు. ఈరోజుకీ నా గిరాకీలు లోపల కూర్చుంటారు, నేను మెట్ల మీద నిలబడతాను. నవ్వేవాళ్లు ఎప్పుడో అలవాటు పడ్డారు.

ఇక మా పని మొదలైంది. ఎండ ముదరక ముందే చేనుకు పోయి, గాలి ఆగేదాకా ఆకు ముందు మోకాళ్ల మీద కూర్చునేవాళ్లం. మొదటి మంచి ఫొటోను నేను స్టూడియో పద్ధతిలోనే తయారు చేశాను. మా దగ్గర ఎవరు కూర్చున్నా ముఖం నునుపు చేసి కాస్త తెల్లగా చేయడం రివాజు. చేయకపోతే జనం ఊరుకోరు. అలాగే ఆ పిల్ల పురుగు మీది దుమ్ము తుడిచి, రంగు తేల్చి, మెరిసేలా చేసి చూపించాను. టీచరమ్మ కళ్లద్దాలు తీసేసి నా వైపు చూశారు.

"గిది ఎవలు?"

"మన పురుగే టీచరమ్మా."

"కాదు. గింత అందమైంది చేన్ల ఏడ ఉంది? రైతు ఈ ఫొటో సూసి, చేన్ల ఉన్నది వేరేదనుకుంటడు. మల్ల మందు కొడతడు. సూసినోడు గుర్తువట్టాలె బిడ్డా. గుర్తువడితేనే అది బతుకుతది."

దిద్దనిదాన్నే పెద్దగా అచ్చు వేయించి ఖిల్లా ఘణపూర్ తీసుకుపోయాం. ఆ రైతు దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గివి మనయేనా టీచరమ్మా? అయ్యో" అన్నాడు. తర్వాత ఆ చేన్లో నల్లపురుగులు బతికాయి.

గుర్తువడితేనే బతుకుతదన్న ఆ మాట చెవిలో ఉండగా ఆమె బుగ్గ మీద గుంతలను నా చేత్తో ఎలా చెరిపేది? చెరపలేదు. ఆనాడు మెట్ల మీంచి తీసిన ఫొటోనే ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసి, ఫ్రేము కట్టించి, దుప్పట్లో చుట్టుకుని గోపాల్‌పేట పోయాను. కొడుకు తిడితే పడాలి, వెనక్కిచ్చేస్తే నా స్టూడియోలో పెట్టుకోవాలి. దారి పొడుగునా అదే అనుకుంటూ పోయాను.

దుప్పటి విప్పగానే వాళ్ల మేనత్త గొంతు లేపింది. "గిదేందమ్మా, మచ్చలన్ని గట్లనే ఉంచినవ్?"

కొడుకు దగ్గరికి వచ్చాడు. ఫ్రేము ముందు గొంతుక్కూర్చున్నాడు. అద్దం మీద, సరిగ్గా బుగ్గ దగ్గర, చూపుడువేలు పెట్టాడు.

"చిన్నగున్నప్పుడు నిద్ర రాకుంటె గీ గుంతలల్ల ఏలు వెట్టుకోని వండుకుంటుంటి అక్కా. యాదే లేకుండె" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

రేపు పొద్దున మళ్లీ ఖిల్లా ఘణపూర్ పోతున్నాను. పల్లి చేన్లలో పేనుబంక పడిందట. ఆకు ముందు ఒక్కదాన్నే కూర్చోవాలి. కూర్చుంటాను.

ఆ రోజు ఫొటోకు దండ తెచ్చి వేసింది కూడా కొడుకే. వేశాక వెనక్కి జరిగి చూశాడు. పూలు బుగ్గ మీదికి వచ్చాయి. మళ్లీ దగ్గరికి పోయి, ఆ దండను రెండు చేతులతో కిందికి జరిపాడు.