గాలి దారి లేనిదే నిప్పు పెట్టనన్న మేస్త్రీ

ఏసీ గాలి గొట్టాలు ఎక్కించే మా డక్టు మేస్త్రీ గుండెపోటుతో పోయిండని మొన్న శుక్రవారం జగిత్యాల నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. గల్ఫ్‌ల, సల్మాబాద్ లేబర్ క్యాంపుల పన్నెండేండ్లు ఆయన పక్క మంచం నాది. సంగతి తెలిసి కొందరు "మంచోడే గని మొండోడు" అన్నరు. ఆ రెండో మాట నేనొప్పుకోను. అందుకే రాస్తున్న.

ఆయనకు చదువు రాదు. ఏ గదిలకు పోయినా ముందు ముంజేయి తడుపుకొని తలుపు సందుల కాడ పెట్టి, గాలి ఎటు నుంచి వస్తున్నదో చూసేటోడు. చాయ్ హోటల్లనూ అంతే. మేం నవ్వేటోళ్ళం.

ఒక చలికాలం జింజ్ అనే పేటల కొత్త ఇంటికి పనికి పోయినం. ఏసీ చల్లదనం బయటికి పోకుండ రెండద్దాల కిటికీలు, రబ్బరు అంచుల తలుపులు పెట్టిండ్రు. చీమ దూరే సందు లేదు. ఆ ఇంటి షేకు హాల్ల ఇనుప కట్టెల పొయ్యి పెట్టించుకున్నడు. పొగగొట్టం మేమే ఎక్కించినం. ఇగ వెలిగించమన్నడు మా ఇంజనీరు.

మేస్త్రీ వెలిగించలే. గోడకు రంధ్రం కొట్టి, బయటి గాలి పొయ్యి అడుగుకు వచ్చేటట్టు పైపు ఎయ్యాలన్నడు. కొత్త పాలరాయి గోడ ముట్టుకుంటే ఆ సైటు నుంచే తీసేస్తనని ఇంజనీరు గద్దించిండు.

మేస్త్రీ గొంతు పెంచలే. "నిప్పుకు గాలి గావాలె సాబ్. బయట నుంచి ఇయ్యకపోతే ఇంట్లోల్ల ఊపిరి గుంజుకుంటది" అన్నడు.

షేకు తల్లి అక్కడనే కూసొని ఉన్నది. ఆమె పక్కన సాంబ్రాణి ధూపం రగులుతున్నది. మేస్త్రీ ఆమెను అడిగి ఆ ధూపం తెచ్చి పొయ్యిల పెట్టిండు. తలుపులన్నీ మూయించి, వంటింట్ల పొగ బయటికి లాగే ఫ్యాను వేయించిండు. ఫ్యాను ఇంట్ల గాలిని గుంజుతుంటే పొగ గొట్టంలకు పోలే. పొయ్యి నోట్లకెళ్ళి హాల్లకు, ముసలామె మీదికే మల్లింది. ఇది వాసనున్న పొగ గనుక కనపడ్డది, కట్టెలు కాలితే వచ్చే విషగాలికి రంగూ వాసనా ఉండవని చెప్పిండు.  షేకు గోడ వైపు చెయ్యి చూపిండు, కొట్టుమని.

ఆ పొద్దే పైపు ఎక్కింది. పొయ్యి మండింది. పొగ గొట్టంలకే పోయింది. ముసలామె కుర్చీ దగ్గరికి జరుపుకున్నది.

షేకు ముందర తన మాట పోయిందని మర్నాడే ఇంజనీరు ఆయనను గోదాంల రేకులు మోసే పనికి ఏసిండు. మాఫీ అడుగుమని అందరం చెప్పినం. నేనూ చెప్పిన, ఇప్పటికీ సిగ్గయితది.

"తప్పు జేసినోడు అడగాలె" అన్నడు ఆయన.

మూడు నెలలు మోసిండు. ఒక మిట్ట మధ్యాహ్నం గోదాం గేటుకు అడ్డంగా ఇంజనీరు కారు ఆగి ఉన్నది, లోపల ఆయనే కూసున్నడు. పక్కకెళ్ళి సుట్టు తిరిగి పోవచ్చు, అందరం అట్లనే పోయినం. మేస్త్రీ పోలే. అడ్డం పెట్టినోడే జరగాలె అన్నట్టు, నెత్తి మీద రేకుతోని, ఎండల, కారు ముందట నిలబడ్డడు. హారన్ కొట్టినా జరగలే. ఆఖరికి కారే మెల్లగ వెనకకు పోయింది.